ఏబెల్ నడిచిన అరిజోనా

"తడి తగిలినా ఏం కాదులే, వాటర్‌ప్రూఫ్" అంటూ ఏబెల్ తన చేతి గడియారం విప్పి, చపాతీ పిండి కలుపుతున్న స్టెల్లా మణికట్టుకి కట్టాడు. ఆమె వేళ్ల నిండా పిండి. వద్దనడానికైనా చేతులు ఖాళీగా లేవు.

పట్టీ వదులైంది. చివరి రంధ్రం దాకా బిగించి, ఒకసారి లాగి చూసుకుని తృప్తిపడ్డాడు. "నువ్వెలాగూ తిరుగుతూనే ఉంటావు కదా" అన్నాడు.

ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు స్టెల్లాకి అప్పుడు. నిజమే, తిరుగుతూనే ఉంటుంది.

ఏబెల్ బహ్రెయిన్‌లోని హిద్‌లో ఓడల మరమ్మతు యార్డులో సేఫ్టీ ఆఫీసరు. ఉద్యోగుల ఆరోగ్యం కోసమని కంపెనీ ఒక నడక పోటీ పెట్టి అందరికీ ఒకే రకం గడియారాలు పంచింది. అమెరికాలో అరిజోనా అనే రాష్ట్రాన్ని దక్షిణ సరిహద్దు నుంచి ఉత్తర సరిహద్దు దాకా నిలువునా దాటే కాలిబాట ఒకటి ఉంది. ఆ గడియారం కట్టుకున్న మనిషి ఎక్కడ నడిచినా, ఫోన్‌లోని మ్యాపులో మాత్రం ఆ కాలిబాట మీదే నడిచినట్టు ఎర్ర చుక్క ఒకటి ముందుకు జరుగుతుంది. చుక్క పక్కన పేరుంటుంది. ముందుగా రాష్ట్రం దాటినవాడికి జనరల్ మేనేజరు చేతుల మీదుగా బహుమతి. బహుమతి మాట ఎలా ఉన్నా, సీనియర్ సేఫ్టీ ఆఫీసరు కుర్చీ ఖాళీగా ఉందన్నది ఏబెల్‌కి ముఖ్యం. ఏసీ క్యాబిన్‌లో కూర్చుని పర్మిట్ల మీద సంతకాలు పెట్టే మనిషి చుక్క మొదటి వారమంతా అందరికన్నా వెనకే ఉండిపోయింది. అందుకని గడియారం స్టెల్లా చేతికి మారింది. యార్డులో పొడుగు చేతుల కవరాల్ యూనిఫాం కింద గడియారం ఉందో లేదో ఎవరు చూస్తారు? ఇంట్లో ఉన్న పాత ట్యాబ్‌ని తన పేరుతో కలిపి ఫ్రిజ్ మీద పెట్టాడు. స్టెల్లా ఇంట్లో వేసిన ప్రతి అడుగూ యార్డులో ఏబెల్ ఫోన్‌లో కనిపించేది.

రెండు వారాలు తిరక్కుండానే చుక్క అందరినీ దాటేసింది.

వంటింటి నుంచి హాల్లోకి, హాల్లోంచి అత్తగారి గదిలోకి, మళ్లీ వంటింట్లోకి. జీవమ్మ గారికి మోకాళ్ల ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మంచినీళ్లు, కళ్లజోడు, బైబిలు, బాత్‌రూమ్, ప్రతిదానికీ ఒక కేక. శుక్రవారం చర్చి హాల్లో జరిగే తెలుగు సహవాసానికి, ప్రార్థనకి వచ్చేవాళ్లందరికీ పులిహోరో, బిర్యానీయో వండేది కూడా స్టెల్లానే. "మా కోడలికి అలుపు తెలీదండీ" అని జీవమ్మ అక్కడ గొప్పగా చెప్పేది. ఇంటికొచ్చాక, "ఆ బిర్యానీలో ఉప్పెక్కడ ఏడ్చింది?" అనేది. యార్డులో ఏబెల్‌ని అందరూ అరిజోనా భాయ్ అని పిలవడం మొదలుపెట్టారు. తెల్లారకముందే లేచి సముద్రం ఒడ్డున నడుస్తానని వాళ్లకి చెప్పుకున్నాడట. ఆ సంగతి ఇంట్లో చెప్పి నవ్వాడు. స్టెల్లా కూడా నవ్వింది. అప్పుడు ఆమె ఆయన బనీన్లు మడత పెడుతోంది.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ దారి ఆమెకి నచ్చింది. కొంత దూరం దాటిన ప్రతిసారీ ట్యాబ్‌లో ఒక బొమ్మ తెరుచుకునేది. మొదట ఎడారి మధ్య ఒంటరి రాతి స్తంభం. తర్వాత, చేతులు పైకెత్తి నిలబడ్డ మనుషుల్లాంటి ముళ్ల చెట్లు. ఆ తర్వాత దేవదారు అడవి, దూరంగా మంచు కప్పుకున్న శిఖరాలు. బహ్రెయిన్ వచ్చి ఇన్నేళ్లయినా ఆమె చూసింది ఈ ఫ్లాటు, చర్చి హాలు, లులు మార్కెట్టు. ఒక్కసారి ఇక్కడి ఎడారిలో ఒంటరిగా నిలబడ్డ పెద్ద చెట్టు దగ్గరికి తీసుకెళ్లమంటే, "చెట్టులో చూడ్డానికేముంది?" అన్నాడు ఏబెల్. ఇప్పుడు గిన్నెలు తోముతుంటే పక్కనే వాగు పారుతున్నట్టుండేది. అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు, తానూ నడుం వాల్చాల్సింది పోయి, డైనింగ్ టేబుల్ చుట్టూ తిరిగేది. తర్వాతి బొమ్మ కోసం. పనికోసం కాకుండా ఆమె నడిచిన నడక పెళ్లయ్యాక అదొక్కటే. కొత్త బొమ్మ తెరుచుకున్నప్పుడల్లా దాని మీద అక్షరాలు వచ్చేవి: అభినందనలు, ఏబెల్. ఆమె ఆ అక్షరాల మీద బొటనవేలు అడ్డం పెట్టుకుని బొమ్మ చూసేది.

ఎండలు ముదిరాక ఒకరోజు ఏబెల్ డ్యూటీ మధ్యలో ఇంటికొచ్చేశాడు. మొహం పాలిపోయింది. సోఫాలో కూలబడి ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. గడియారం నుంచి ఫోన్‌కి హెచ్చరిక వచ్చిందట: మీ గుండె లయ తప్పుతోంది, వెంటనే డాక్టరుని కలవండి అని. జీవమ్మ గుండెలు బాదుకుంది. ఏబెల్ తండ్రీ ఇలాగే పోయాడని గుర్తుచేసింది. స్టెల్లా ఆయన పాదాలు రుద్దింది, ఉప్పు లేకుండా కూర వండింది, ఆయన నిద్రలో ఊపిరి తీస్తున్నాడో లేదో చెవి పెట్టి విన్నది. గడియారం ఆమె చేతికే ఉంది. కానీ దాని మీద పేరు ఆయనది. అందువల్ల గుండె కూడా ఆయనదే అయింది. ఆ క్షణంలో ఏబెల్‌కి గానీ, జీవమ్మకి గానీ, అంతెందుకు, స్టెల్లాకి గానీ వేరే ఆలోచన రాలేదు.

పెద్ద ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేశారు. ఏ లోపమూ లేదు, కాస్త పొట్ట తగ్గించుకోమన్నారు. ఏబెల్ మొక్కుబడి తీరినవాడిలా వెలిగిపోతూ ఇంటికొచ్చాడు.

ఆ శుక్రవారం సహవాసంలో సాక్ష్యాల వేళ వచ్చింది. ఆ వారం దేవుడు తమకి చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెప్పుకునే వేళ అది. పాస్టరు యెషయా అయ్యగారు ఏబెల్‌ని పిలిచి మైకు ఇచ్చారు.

"అందరికీ వందనాలు" అని మొదలుపెట్టాడు ఏబెల్. "ఆ రోజు నేను క్యాబిన్‌లో కూర్చుని టీ తాగుతున్నాను. ఏ నొప్పీ లేదు, ఏ ఆయాసమూ లేదు. ఉన్నట్టుండి ఫోన్ మోగింది. గుండె లయ తప్పుతోందని వచ్చింది..."

ఆడవాళ్ల వరసలో, జీవమ్మ పక్కన కూర్చున్న స్టెల్లాకి ఏ నొప్పీ లేదు అన్న దగ్గర ఆ రోజు కళ్ల ముందుకొచ్చింది. లిఫ్టు పాడైంది. తడి దుప్పట్లున్న టబ్బు చంకన పెట్టుకుని డాబా మెట్లెక్కుతోంది. సగం దారిలో ఛాతీలో పిట్ట ఏదో ఇరుక్కుని రెక్కలు కొట్టుకున్నట్టయింది. కళ్లు చీకట్లు కమ్మి మెట్ల మీద కూర్చుండిపోయింది. కాసేపయ్యాక లేచి దుప్పట్లు ఆరేసి కిందికొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అదొక విషయమనే అనిపించలేదు. తరవాత కూడా చాలాసార్లు వచ్చింది ఆ పిట్ట. వచ్చి, కాసేపు కొట్టుకుని, పోయేది.

"...డాక్టర్లు పరీక్ష చేసి, నీ గుండెలో ఏ జబ్బూ లేదు పొమ్మన్నారు. ప్రభువు నా గుండెని ముట్టి స్వస్థపరిచాడు."

హాలంతా స్తోత్రం అని మారుమోగింది. ముందు వరసలో ఎవరో కళ్లు తుడుచుకున్నారు. వెనక నుంచి ఒకావిడ స్టెల్లా భుజం నొక్కి, "నీ ప్రార్థనేనమ్మా కాపాడింది" అంది. స్టెల్లా చప్పట్లు కొట్టింది. చేతులు కలిసినప్పుడల్లా మణికట్టు మీద గడియారం కదిలింది. అది ఈ చప్పట్లని కూడా అడుగులుగా లెక్కేసుకుంటుందేమో అనుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు కారు వంతెన మీదికెక్కాక, స్టెల్లా అద్దంలోంచి సముద్రం చూస్తూ నెమ్మదిగా అంది. "ఏవండీ, ఆ రోజు గడియారం మీ చేతికి లేదు."

స్టీరింగ్ మీద ఏబెల్ వేళ్లు బిగుసుకున్నాయి. ఆయనకి అర్థమైంది. అర్థమైందని ఆమెకీ అర్థమైంది. ఇప్పుడేమంటాడు? నీకెలా ఉంది అంటాడా? నొప్పి ఎక్కడ అంటాడా? కారు వెనక్కి తిప్పుతాడా? ఆమె ఎదురుచూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోటి వైపు అంత ఆశగా ఎప్పుడూ చూడలేదు.

"ఈ మాట ఎవరితోనైనా అన్నావా?" అన్నాడు ఏబెల్.

వెనక సీట్లోంచి జీవమ్మ ముందుకి వంగింది. "ఆడదాని గుండెన్నాక కొట్టుకోకుండా ఉంటదేంటే. నాది మీ మాంగారు పోయిన కాడ్నించీ కొట్టుకుంటానే ఉంది, నేనెవరికన్నా చెప్పానా? అబ్బాయి అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పొచ్చాడు. ఇప్పుడు నువ్వెళ్లి దేవుణ్ణి అబద్ధాలకోరుని చేత్తావా?"

ఇంటికి చేరాక, తలుపు వేసి ఏబెల్ మెత్తగానే మాట్లాడాడు. చుక్క ఇప్పుడు పెద్ద లోయ దగ్గరుంది. అది దాటితే రాష్ట్రం చివరికి వచ్చేసినట్టే. ఈలోగా ఏ డాక్టరైనా గడియారం రికార్డు అడిగితే, అది ఎవరి చేతికుందో బయటపడుతుంది. సేఫ్టీ ఆఫీసరే మోసం చేశాడంటే ఉద్యోగంలో ఉంచుతారా? ఉద్యోగం పోతే వీసా పోతుంది, అందరూ పెట్టెలు సర్దుకోవడమే. పోటీ అయిపోగానే తానే స్వయంగా తీసుకెళ్లి మంచి ఆసుపత్రిలో చూపిస్తానన్నాడు. "ఎవరి కోసం చేస్తున్నాను ఇదంతా?" అని కూడా అడిగాడు.

స్టెల్లా సరేనంది. అలవాటుగా వచ్చిన సరే. చిత్రమేమిటంటే ఆమెకీ ఆ దారి చివర చూడాలనే ఉంది. ఆఖరి బొమ్మలో ఏముంటుందోనని ఎన్ని మధ్యాహ్నాలు అనుకుంది.

చుక్క లోయలోకి దిగింది. ఎర్రటి రాళ్లు, అడుగున సన్నటి నది. మళ్లీ ఎక్కడం మొదలైంది. ఇస్త్రీ, వంట, అత్తగారి వేడినీళ్లు, సహవాసానికి గారెల పప్పు. పిట్ట ఇప్పుడు రోజూ వస్తోంది. ఒకసారి అత్తగారికిచ్చే టీ గ్లాసు ఎడం చేతిలోంచి జారిపోయింది. వేళ్లు మొద్దుబారి, గ్లాసు పట్టుకున్నట్టే తెలియలేదు. "చేతులు పడిపోయాయా?" అని అరిచింది జీవమ్మ. గాజుపెంకులు ఏరుతూ స్టెల్లా తన చేతివైపు చూసుకుంది. అది ఎవరిదో చేతిలా ఉంది. కాసేపటికి బాగానే అయింది.

కింది అంతస్తులో నాగదుర్గ ఉంటుంది. దగ్గర్లోని క్లినిక్‌లో నర్సు. కరివేపాకు అడిగే వంకతో వెళ్లి స్టెల్లా ఆమె ముందు చెయ్యి చాపింది. నాగదుర్గ నాడి పట్టుకుని గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది.

"ఎన్నాళ్ల నుంచి అక్కా?"

"ముళ్ల చెట్ల దగ్గర్నుంచి" అనబోయి, "ఎండలు మొదలైనప్పట్నుంచి" అంది స్టెల్లా. గ్లాసు జారిన సంగతి, గడియారం సంగతి కూడా చెప్పింది.

నాగదుర్గ చెయ్యి వదల్లేదు. "ఇట్టా తప్పి కొట్టుకునే గుండెలో నెత్తురు గడ్డకడద్ది. ఆ గడ్డ పోయి మెదడులో పడితే చెయ్యి పోద్ది, మాట పోద్ది. నీకు ఓ హెచ్చరిక వచ్చిపోయిందక్కా. రేపు పొద్దున్నే రా, నేను డ్యూటీలో ఉంటా. ఆ గడియారంలో రికార్డేదో ఉందన్నావు కదా, అదీ కావాలి. నీ గుండె డాక్టరు ముందు బుద్ధిగా కొట్టుకుంటే ఆయనకేం దొరకదు."

"నా గుర్తింపు కార్డు ఆయన పర్సులో ఉంటుంది."

"నంబరు చెప్పగలవా?"

స్టెల్లా గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఎన్ని కాగితాల మీద రాసిందో, ఎప్పుడూ ఏబెల్ భార్యగా.

మర్నాడు పొద్దున ఏబెల్ బూట్లు తొడుక్కుంటూ ట్యాబ్ వైపు చూసి ఈల వేశాడు. చుక్క ఉత్తర సరిహద్దు గీతకి ఆనుకుని ఉంది, మధ్యలో సందు ఉందో లేదో తెలియనంత. "మధ్యాహ్నానికల్లా అయిపోద్ది. జనరల్ మేనేజరు స్క్రీన్ ముందు కూర్చుంటానన్నాడు. ఇవాళ ఆ కర్టెన్లన్నీ ఉతికెయ్, సరిపోద్ది" అన్నాడు.

"నాకు బాలేదండీ. ఇవాళ క్లినిక్‌కి తీసుకెళ్తారా?" అంది స్టెల్లా.

"ఇవాళా? మతుందా నీకు?" నవ్వి, ఆమె బుగ్గ తట్టి వెళ్లిపోయాడు.

తలుపు మూసుకున్న చప్పుడయ్యాక ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది. కొత్తగా కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. ఆ మాట అంటాడని ముందే తెలుసు. అన్నీ తెలిసిన ఇంట్లో ఆమె గురించి మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. చచ్చిపోతే ఎలా ఉంటుందో కూడా ఊహించుకుంది. చుక్క ఆగిపోతుంది. ముందు ట్యాబ్ చూస్తారు. ఛార్జింగ్ అయిపోయిందేమో అనుకుంటారు. ఆ తర్వాత ఆమెని చూస్తారు.

గడియారం విప్పింది. మణికట్టు మీద పట్టీ మేర చర్మం తెల్లగా, నలిగి ఉంది. దాన్ని తీసుకెళ్లి డైనింగ్ కుర్చీ చేతికి కట్టి, బిగించింది.

"ఎక్కడికే?" అని జీవమ్మ మంచం మీంచి కేకేసింది.

"నడవడానికి, అత్తయ్యా."

"ఇంట్లో నడవట్లేదా?"

స్టెల్లా ట్యాబ్ సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. బయట ఎండ మొహం మీద కొట్టింది. క్లినిక్ ఉన్నది మూడు వీధుల అవతలే. గోడలు పట్టుకుంటూ, నీడ దొరికిన చోటల్లా ఆగుతూ నడిచింది. లోపల పిట్ట రెక్కలు కొట్టుకుంటూనే ఉంది. ఆ నడక ఏ మ్యాపులోనూ పడలేదు.

డాక్టరు మలయాళీ, పెద్దాయన. హిందీలో మాట్లాడాడు. నాగదుర్గ ఛాతీ మీద తీగలు పెట్టింది. సరిగ్గా అప్పుడే, ఇన్నాళ్లూ అదుపు తప్పిన గుండె బుద్ధిమంతురాలైపోయింది. కాగితం మీద గీతలన్నీ ఒద్దికగా వచ్చాయి. డాక్టరు రెండు చేతులూ ముందుకి చాపి కళ్లు మూసుకోమన్నాడు. మూసుకుంది. కళ్లు తెరిచేసరికి ఎడం చెయ్యి కిందికి జారి ఉంది. ఆమెకి తెలియనే లేదు. నాగదుర్గ మొహం తిప్పుకుంది.

ఇది ముందే పట్టుకోవాల్సిందన్నాడు డాక్టరు. పెద్దాసుపత్రికి పంపాలి, కానీ గుండె ఎప్పటి నుంచి, ఎలా తప్పుతోందో తెలియాలి, పాత రికార్డేమైనా ఉందా అని అడిగాడు. స్టెల్లా ట్యాబ్ తీసి ఇచ్చింది. ఆయన నెలల తరబడి గీతలు ఒక్కొక్కటీ జరుపుతూ చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. పైన ఉన్న పేరు చదివాడు.

అప్పుడే ఫోన్ మోగింది. ఏబెల్.

"చుక్క కదలట్లేదేంటి? అందరూ చూస్తున్నారిక్కడ. ఏం చేస్తున్నావ్?"

"కూర్చున్నాను" అంది స్టెల్లా.

"కూర్చున్నావా? ఇంత దాకా వచ్చి కూర్చుంటావా? లే, నాలుగు అడుగులే, లే స్టెల్లా..."

డాక్టరు ట్యాబ్ ఆమె వైపు తిప్పాడు. ఇది మగమనిషి పేరు కదా, ఈ రికార్డు ఎవరిది అని అడిగాడు. స్టెల్లా ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచింది.

"ఏవండీ, నేను క్లినిక్‌లో ఉన్నాను. డాక్టరు గారు అడుగుతున్నారు. హిందీలోనే చెప్పండి, ఆయనకి అర్థమవుద్ది. ఈ గుండె ఎవరిది?"

అటు వైపు ఎవరో "అరిజోనా భాయ్" అని పిలుస్తున్న కేక, వెనక గ్రైండర్ల రొద వినిపించాయి. ఆమె ఎదురుచూసింది, వంతెన మీద చూసినట్టే. రొద ఒక్కసారిగా ఆగిపోయింది. ఏబెల్ లైను కట్ చేశాడు.

ట్యాబ్‌లో చుక్క సరిహద్దు గీత పక్కనే, వెలుగుతూ, నిలబడి ఉంది. ఆ గీత దాటితే వచ్చే ఆఖరి బొమ్మ తాను ఎప్పటికీ చూడబోనని స్టెల్లాకి తెలుసు. కుడిచేత్తో ఎడం చేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకుంది.

డాక్టరు మళ్లీ అడిగాడు.

"ఆ పేరు కొట్టెయ్యండి" అంది. "నా పేరు స్టెల్లా. నంబరు చెప్తాను, రాసుకోండి."